వానాకాలంలో చిత్రిక పట్టిన తలుపు

రాస్తున్నావా? అయితే ముందు తలుపు గురించి రాయి. పచ్చదాని సంగతి తరవాత. నువ్వు ఫోనులో దాని ఫొటోలు చూసుకుని ముక్కు చీదుతావు గానీ, నాకు రోజూ కంటికెదురుగా కనిపించేది తలుపే. పెరటి వరండాలో గోడకి ఆనించి ఉంది చూడు, అదే. మామిడి చెక్క తలుపు. బియ్యం బస్తా నిలబెడితే ఎంత ఎత్తుంటుందో అంత ఉంటుంది. మధ్యలో ఇనప జల్లెడ బిగించి ఉంది. కింద వార మీద, అంటే జల్లెడ కింది అడ్డపట్టీ మీద, గీతలున్నాయి. ఆ గీతల దగ్గరికి చివర్లో వద్దాం.

తాతయ్య లోపల పడుకున్నారు గానీ నిద్రపోలేదు. ఆ దగ్గు నిద్రలో వచ్చే దగ్గు కాదు. విననీ. తప్పు చెబితే ఆయనే అరుస్తారు.

చదివేవాళ్లకి మనమెవరో తెలియదు కదా, అదీ రాయి. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే దారిలో బస్సు దిగి కాస్త లోపలికి నడిస్తే మన తోట, తోట అంచున ఇల్లు. తోట మనదే గానీ కాయ మనది కాదు. ఏటా పూత మీదే వ్యాపారికి ఇచ్చేస్తాం. మీ తాతయ్యా ఒకప్పుడు అలాంటి వ్యాపారే. ఊళ్లో వాళ్ల తోటలు పూత మీద పట్టి, కాయ కోయించి, చెక్కపెట్టెల్లో వరిగడ్డి పరిచి సర్ది, లారీలకి ఎక్కించిన మనిషి. సీజను ముంచుకొస్తే పెట్టెలు కూడా తనే కొట్టేవారు. నోట్లో మేకులు పెట్టుకుని, మాట్లాడకుండా. ఆ కాసేపే నాకు ఇంట్లో ప్రశాంతంగా ఉండేది.

కాయని అరచేతిలోకి తీసుకుని, ముచిక దగ్గర బొటనవేలితో ఒక్కసారి నిమిరి, ఇది ఎప్పటికి పండుతుందో చెప్పేవారు. చిన్నరసమైనా, బంగినపల్లైనా. చుట్టుపక్కల వ్యాపారులు సైతం "ఒకసారి మీ చెయ్యి పెట్టి చూడండి" అని పిలిచేవారు. ఆ చేతికి అంత మర్యాద ఉండేది. తరవాత ప్లాస్టిక్ ట్రేలొచ్చాయి, కొత్తవాళ్లొచ్చారు, ఆయనకి వయసొచ్చింది. చెయ్యి పెట్టి చూడమని అడిగేవాళ్లు లేకపోయారు. పొద్దున్నే కాఫీ తాగి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, అవి తనవి కావన్నట్టు వాటి వంక చూస్తూ కూర్చునేవారు. చూసి చూసి నాకే ఏదోలా ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లో నువ్వు దాన్ని తెచ్చావు.

ఆటో దిగి, బూట్ల అట్టపెట్టె ఒకటి గుండెకి హత్తుకుని లోపలికొచ్చావు. పెట్టెకి కన్నాలు.

"అమ్మమ్మా, అరవకు. ముందు కూర్చో."

"కూర్చోమంటున్నావంటే కొంప మునిగే పనే ఏదో చేశావు. ఏంటది?"

మూత తీశావు. పచ్చగా, లేత అరటాకు రంగులో, నా జానెడంత ఉంది. తోక మాత్రం దాని ఒంటికి రెండింతలు. మెడ కింద ఆవుకి ఉన్నట్టు చిన్న గంగడోలు. నన్ను ఒక కంటితోనే చూసింది.

"ఇదేంటే, తొండా?"

"తొండ కాదు, ఇగ్వానా. విజయవాడలో నా ఫ్రెండ్ పెంచుతోంది. వాళ్లు ఇల్లు మారుతున్నారు. కాగితాలవీ అన్నీ ఉన్నాయి. మా హాస్టల్లో రానివ్వరు."

"అందుకని నా ఇంటికి తెచ్చావా? ఉడుము ఇంట్లోకొస్తే అరిష్టం అంటారు తెలుసా?"

"అది దానంతటదే వస్తే కదా అమ్మమ్మా అరిష్టం! దీన్ని నేను ఎత్తుకొచ్చాను."

వరండాలోంచి నవ్వు వినిపించింది. మీ తాతయ్య నవ్వి ఎన్నాళ్లయిందో. "ఇదిగో, ఇది నీ మనవరాలే. వాదన చూడు," అన్నారు. లేచి వచ్చి, పెట్టె మీదికి వంగి, "ఇదేం తింటుంది?" అని అడిగారు. అంతే, ఆ ప్రశ్నతోనే అది మనింట్లో ఉండిపోయింది. మందార పూలు, మునగాకు, గుమ్మడికాయ తురుము, పండిన రోజుల్లో మామిడిపండు ముక్క. మనింట్లో కొనక్కర్లేనివే అన్నీ. పేరు పెట్టమన్నావు గానీ నా నోరు తిరగలేదు. పచ్చది అన్నాను. అదే స్థిరపడింది.

అట్టపెట్టెలో ఎన్నాళ్లుంచుతాం? పెట్టె కట్టడం మీ తాతయ్య చేతిలో పని. కొట్లో మూల పడున్న పాత మామిడి పెట్టెల చెక్కలు ఊడదీసి, మేకులు వంపు తీసి, నోట్లో పెట్టుకుని మొదలుపెట్టారు. తలుపు ఎక్కడ పెట్టాలన్న దగ్గర గొడవొచ్చింది. నువ్వు వీడియో కాల్‌లో ఉన్నావు, గుర్తుందా?

"తాతయ్యా, తలుపు ముందువైపు పెట్టండి. పైన వద్దు. గాడిలో పక్కకి జరిగే అద్దాలైతే ఇంకా మంచిది."

"అద్దాలా? మీ అమ్మమ్మ వాళ్ల నాన్న కిరాణా కొట్లో బూందీ లడ్లు పెట్టినట్టా?"

"మా నాన్న కొట్టు జోలికి రావద్దు," అన్నాను. "ఆ అద్దాల బీరువాలోకి చీమ కూడా దూరేది కాదు."

"చీమే కాదు, మీ నాన్న చెయ్యి కూడా దూరేది కాదు. అడిగిన పిల్లాడికి ఒక్క లడ్డూ తీసిచ్చిన పాపాన పోయాడా?" అని మేకులు తీసి మరీ అన్నారు. "పెట్టెకి మూత పైనే ఉంటుంది. ఇన్నేళ్లు పెట్టెలు కొట్టాను. పక్కనుంచి మూతున్న పెట్టె ఎక్కడైనా చూశారా?"

నువ్వు ఎందుకో చెప్పబోయావు. ఇంతలో సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసినప్పుడు పరీక్షల మాటలొచ్చాయి. అలా మూత పైనే పడింది.

ఇది మామిడి పెట్టెలు కట్టినవాళ్లు మాత్రమే చేసే పొరపాటు. కాయని పైనుంచి సర్దుతాం, పైనుంచి తీస్తాం. కాయకి కళ్లుండవు. చెయ్యి ఎటునుంచి వస్తే దానికేంటి?

పచ్చదానికి కళ్లున్నాయి. ఆయన పొద్దున్నే మందార పువ్వు పట్టుకుని మూత ఎత్తేవారు. లోపల చెయ్యి పెట్టగానే అది మూలకి పరిగెత్తేది. ఒళ్లంతా ఉబ్బించి, గంగడోలు చాపి, తోకతో చాచి కొట్టేది. ఆ తోక దెబ్బ నువ్వు తినలేదు. సన్నటి బెత్తంతో కొట్టినట్టే. ఆయన ముంజేతి మీద వాతలు తేలేవి. అయినా మర్నాడు మళ్లీ మూత ఎత్తేవారు. ఆయనకి కావలసింది ఒక్కటే. అది తనంతట తను వచ్చి ఆ చేతి మీద కూర్చోవాలి. ఇంకేం అక్కర్లేదు. నువ్వు పంపిన వీడియోలో ఎవరో భుజం మీద ఎక్కించుకుని తిప్పుతున్నారు చూడు, అది ఆయన బుర్రలో పడిపోయింది.

"నేను దానికేం అపకారం చేశానే?" అని అడిగారొకరోజు, వాత మీద కొబ్బరినూనె రాస్తుంటే. హాస్యానికి అడగలేదు. మాట మార్చి కాఫీ పెడతానన్నాను.

సమాధానం తోటలో దొరికింది. తోట కాపలా ఆవిడ కోళ్లు పెంచేది కదా. ఆయన అటు నడకకి వెళ్లినప్పుడు పెట్టతో పాటు పిల్లలు గింజలేరుకుంటున్నాయట. పైన గద్ద తిరిగింది. దిగలేదు, దాని నీడ మాత్రం నేల మీద సాగిందట. అంతే, పిల్లలన్నీ పెట్ట రెక్కల కిందికి. ఆయన అక్కణ్నుంచి చెప్పులు ఒకటి ముందు ఒకటి వెనక పడేలా వచ్చారు ఇంటికి.

"ఏమే! ఇన్నాళ్లూ నేను గద్దనే దానికి!"

"ఏంటండీ?"

"పైనుంచి చెయ్యి దిగుతోంది కదా. నీడ పడుతోంది. అది నేననుకోవట్లేదే. గద్ద అనుకుంటోంది."

ఆ రాత్రి నీకు ఫోన్ చేసి చెబితే, "అదే కదా తాతయ్యా ఆ రోజు చెప్పబోయింది!" అన్నావు. ఆయన ఫోను నాకిచ్చి వెళ్లిపోయారు. ఇన్ని నెలలు, ఒక సిగ్నల్ పోయినందుకు.

మర్నాడు ఆయన చేసిన మొదటి పని, పెట్టెని పక్కకి పడేయడం. పైన మూత ముందువైపుకి వచ్చింది. భలే సులువుగా అయిపోయిందనుకున్నాం. కానీ గడియ తీయగానే మూత ధడేల్‌మని కింద పడింది, లోపల వెచ్చదనానికి పెట్టిన వేడి బల్బు ఉండాల్సిన చోటు తప్పి పక్కకి పోయింది, పచ్చది ఆ చప్పుడుకి ఒకరోజంతా తిండి ముట్టలేదు. ఇక లాభం లేదని మొత్తం కొత్తగా కట్టారు. ఈసారి బీరువాలా నిలువుగా, ఎక్కడానికి లోపల మామిడి కొమ్మ పెట్టి. తలుపు ముందు. మడత బందులు ఒకవైపు, గడియ ఇంకోవైపు.

తలుపుకి ఏ చెక్క వాడాలన్నది మళ్లీ చర్చ. నేను టేకు అన్నాను. ఆయన వినలేదు. మోటారు దగ్గరి పెద్దరసం చెట్టు కాపు మానేస్తే కొట్టించాం కదా, దాని చెక్కలు షెడ్డులో ఉన్నాయి. అవే వాడతానన్నారు.

"మామిడి చెక్క పెట్టెలకి బావుంటుంది గానీ తలుపుకి పనికిరాదంటారండీ. చెమ్మకి ఉబ్బుతుంది."

"ఉబ్బితే ఉబ్బింది. దానికి చెట్టు వాసన రావాలే. తోటలో చెట్టే అనుకుని వస్తుంది."

ఏం చెప్పను? డెబ్బై దాటిన మనిషి అంత ముద్దుగా మాట్లాడితే ఏ ఆడది కాదంటుంది?

తలుపు కింద ఒక అడ్డ చెక్క పెట్టారు, లోపలి మట్టి బయట పడకుండా. నేను చూసి, "గడప పెట్టారే!" అన్నాను. శుక్రవారం మన గడపలకి పసుపు రాస్తూ దానికీ రాసేశాను. చెయ్యి ఊరుకోలేదు. కుంకుమ బొట్లు కూడా పెట్టాను. నువ్వు సెలవలకి వచ్చి చూసి పడీ పడీ నవ్వావు.

"అమ్మమ్మా, బల్లి జాతికి గడప పూజా?"

"గడప అన్నాక గడపే. లోపల ఎవరుంటే నాకెందుకు?"

ఇక అది మొదటిసారి వచ్చిన రోజు. ఆయన తలుపు మెల్లిగా తీసి, పీట మీద కూర్చుని, చెయ్యి లోపల పెట్టకుండా గడప మీద వెల్లకిలా ఆనించారు. అరచెయ్యి దొన్నెలా పెట్టి. గుళ్లో తీర్థం పుచ్చుకుంటాం చూడు, అలా. అందులో ఒక మందార పువ్వు. రోజూ అలాగే. వేసవంతా అలాగే. వెనక్కి తిరిగి చూడకు, కదలకు, ఊపిరి గట్టిగా తీయకు అని నాకు ఆంక్షలు. నేను వంటింట్లో పోపు వేయడానికి కూడా భయపడేదాన్ని.

ఒకరోజు అది కొమ్మ దిగింది. దిగి, గడప దాకా వచ్చి, ముందు నాలుకతో వేలిని తాకింది. తరవాత ఒక కాలు అరచేతిలో వేసింది. తరవాత ఇంకో కాలు. పువ్వు తినలేదు, తెలుసా? పువ్వు తొక్కుకుంటూ ముంజేతి మీదికి పాకి, అక్కడ గోళ్లు దిగేసి కూర్చుంది. ఉడుంపట్టు అంటాం కదా, అది ఉడుము కాకపోయినా పట్టు మాత్రం అదే. ఆయన కళ్లెత్తి నా వంక చూశారు. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ చూపు నేను చూళ్లేదు. గోళ్ల గాట్లకి పసుపు రాస్తానంటే రాయనివ్వలేదు. పాలు పోసే అతనికి, కాపలా ఆవిడకి, కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చిన కుర్రాడికి, అందరికీ చెయ్యి చాపి చూపించారు.

ఆ చేతిని మళ్లీ ఒకరు అడిగారన్నమాట. అడిగింది మనిషి కాకపోతేనేం.

తరవాత వానలు మొదలయ్యాయి. నేనన్నట్టే చెక్క ఉబ్బింది. తలుపు ద్వారబంధంలో బిగుసుకుపోయింది. తీయాలంటే కాలు తన్నిపెట్టి లాగాలి. లాగితే కీచుమని అరిచి, ధన్‌మని ఊడొచ్చేది. ఆ అదురుకి పచ్చది కొమ్మ చివరికి పోయేది. ఒళ్లు ఉబ్బించేది. ఒకరోజు మళ్లీ తోక విసిరింది. ఆయన మొహం చూడాలి. నెలల తరబడి కూడబెట్టిన నమ్మకం ఒక్కో కీచుకి ఇంత ఇంత రాలిపోతోంది.

"చిత్రిక పట్టేస్తాను," అన్నారు. "గడియ వైపు అంచు కాస్త చెక్కితే సులువుగా వస్తుంది."

"వానాకాలంలో తలుపుని చిత్రిక పట్టకూడదండీ. మా నాన్న కొట్టు తలుపు పలకలు కూడా వానాకాలంలో ఉబ్బేవి. ఎండొస్తే వాటంతటవే సర్దుకునేవి. చిత్రిక పట్టే బదులు ఓపిక పట్టండి."

"నేను పడతానే ఓపిక. అది పడుతుందా?"

ఇప్పుడు ఆలోచిస్తే ఎన్ని చెప్పొచ్చో. అంచున కొవ్వొత్తి రాయండి అనొచ్చు. వానలున్నన్నాళ్లు తలుపు తీసేసి జల్లెడ కట్టండి అనొచ్చు. అప్పుడు ఏమీ తోచలేదు. ఆయన చిత్రిక తీసుకుని కూర్చున్నారు. చెక్క పొరలు పొరలుగా, సేమ్యాల్లా రాలింది. పట్టడం, పెట్టి చూడడం, మళ్లీ పట్టడం. సాయంత్రానికి తలుపు వెన్నలో చాకులా తెరుచుకుంది. చప్పుడు లేదు. పచ్చది మూడోనాటికల్లా మళ్లీ చేతి మీదికి వచ్చింది. "చూశావా?" అన్నారు. చూశాను. నిజంగా బాగా చేశారు, అది కాదనను. వానాకాలానికి అతికినట్టు సరిపోయిన తలుపు అది.

చలికాలం హాయిగా గడిచింది. ఆ నెలల గురించి ఎక్కువ రాయకు, అక్కడ చెప్పడానికేమీ లేదు. ఎండ వరండాలోకి వచ్చే వేళకి ఆయన కుర్చీ వేసుకునేవారు, అది ముంజేతి మీద పొడుగ్గా పడుకునేది, ఇద్దరూ కళ్లు మూసుకునేవారు. నేను చిక్కుళ్లు ఒలుచుకుంటూ చూసేదాన్ని. బాగా పెరిగింది అప్పటికి. తోక ఆయన మోచేతి నుంచి కిందికి వేలాడేది. నువ్వు సంక్రాంతికి రాలేదు, పరీక్షలన్నావు. వచ్చుంటే చూసేదానివి.

ఎండాకాలం వచ్చింది. చెక్క ముడుచుకుంది. ఉబ్బినప్పుడు చెక్కిన అంచు కదా, ఇప్పుడు సందు కనిపించింది. గడియ వేస్తే దాని మొన అవతల కన్నంలోకి అందీ అందనట్టు ఉండేది. ఆయన పాత న్యూస్‌పేపరు మడిచి సందులో కుక్కేవారు, ఒకప్పుడు పెట్టెల అడుగున వేసేవాళ్లం చూడు, అలాంటిదే. "కొత్త గడియ తేవాలి, పొడుగుది. నూజివీడు వెళ్లినప్పుడు తెస్తాను," అనేవారు. కోతలు మొదలయ్యాయి. తోట మనం ఇచ్చేసినా, కోతలప్పుడు ఆయన అక్కడ లేకుండా ఉండలేరు. గడియ రేపు, ఎల్లుండి అయింది.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక చూస్తే, మడిచిన కాగితం గడప మీద పడుంది. తలుపు కొద్దిగా తెరిచి ఉంది. నా పసుపు మీద గోళ్ల ముద్రలు బయటికి వెళ్లాయి.

నీకు ఫోన్‌లో చెప్పినప్పుడు నువ్వు అరిచావు, తరవాత ఏడ్చావు. పచ్చటి తోటలో పచ్చటిదాన్ని ఎక్కడని వెతుకుతాం? ప్రతి కొమ్మా అదేలా ఉంటుంది. కోత కూలీలకి చెప్పి ఉంచాం. కొట్టొద్దు, అది ఉడుము కాదు, మా ఇంటిది అని. వాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. చాట్రాయి వైపు తోటలో పచ్చటి ఉడుము కనిపించిందని ఎవరో చెబితే మీ తాతయ్య ఆటో కట్టించుకుని వెళ్లారు. అక్కడ పిల్లలు పట్టుకున్నది నిజంగా ఉడుమే, మట్టిరంగుది. దాన్ని వదిలేయించి వచ్చారు. పొద్దున్నే చెట్ల కింద తిరుగుతూ చెయ్యి పైకెత్తి పువ్వు చూపించేవారు. ఇదివరకు పైనుంచి దిగిన చెయ్యి ఇప్పుడు కిందనుంచి పైకి. మెడ పట్టేసి మంచమెక్కారు కూడా రెండు రోజులు.

ఒక పని మాత్రం మానలేదు. పెట్టె తలుపు బార్లా తీసి ఉంచేవారు. సాయంత్రమయ్యేసరికి వేడి బల్బు వేసేవారు. లోపల తాజా మందార పువ్వు. "చలేస్తే వస్తుందే. దానికి వెచ్చదనం ఇక్కడే తెలుసు," అనేవారు.

ఈలోగా గాలివాన వచ్చింది. మామిడి ప్రాంతంలో ఆ రోజుల్లో గాలివాన అంటే నీకు తెలుసు. కరెంటు పోయింది. తోటంతా కాయ రాలిపోయింది. వ్యాపారి తల పట్టుకున్నాడు. తెల్లారగానే అందరం తోటలోనే ఉన్నాం, బురదలో కాయలేరుతూ, పగిలినవి వేరుగా, బాగున్నవి వేరుగా. వాన విడిచి విడిచి పడుతూనే ఉంది. ఆయన కూడా చాలా రోజుల తరవాత చేతుల నిండా పనిలో పడ్డారు. వ్యాపారే పిలిచాడు, "పెద్దాయనా, ఏవి నిలబడతాయో చెప్పండి" అని. ఆయన ఒక్కో కాయ పట్టి చూసి చెబుతుంటే వాళ్లు సర్దుతున్నారు. నాకు సంతోషమేసింది. ఇంటి వెనక పెట్టె సంగతి ఆయనకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు.

వాన వెలిశాక, బట్టలారేద్దామని పెరట్లోకి వెళ్లాను. పెట్టె తలుపు మూసుకుపోయి ఉంది. గాలికి కొట్టుకుని పడినట్టుంది. జల్లు పడి చెక్క నాని ఉబ్బింది. వానాకాలానికి సరిపోయేలా చేసిన తలుపు కదా, వానకి సరిగ్గా సరిపోయింది. సందు లేదు. లాగినా రాలేదు.

తలుపు కింద గీతలు. నానిన మెత్తటి చెక్క మీద పైనుంచి కిందికి, తెల్లగా, కొత్తగా. జల్లెడ మూలకి కుబుసం పొర ఒకటి అంటుకుని ఉంది, ఉల్లిపొర లాంటిది. గడప ముందు దాని రెట్ట. లోపల ఆయన పెట్టిన మందార పువ్వు వాడిపోయి, ఎవరూ ముట్టకుండా.

ఆయన్ని పిలవాలా వద్దా అని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎలాగూ చూస్తారని పిలిచాను. వచ్చి, చేతులకున్న బురద పంచెకి తుడుచుకుని, వంగి, ఆ గీతల మీద వేళ్లు పెట్టి చూశారు. కాయ మీద బొటనవేలు పెట్టి నిమిరినట్టే నిమిరారు. "వచ్చిందే," అన్నారు.

అప్పటికప్పుడు మరమేకులు విప్పి తలుపు ఊడదీశారు. పెట్టె అలా తలుపు లేకుండానే చాలా రోజులుంది. అది మళ్లీ రాలేదు. తలుపు కొట్టి చూసి, తీయకపోతే, మనిషైనా మళ్లీ వస్తాడా? నువ్వు అంటావు, జంతువులకి రోషాలుండవు అమ్మమ్మా, ఎక్కడో కాయ తింటూ బతికే ఉంటుంది అని. ఉంటే మంచిదే. నేను రోజూ అదే కోరుకుంటాను. కానీ ఆయన ముందు మాత్రం ఆ మాట అనకు. బతికుందంటే, ఇక్కడికి రాదలుచుకోలేదని అర్థం కదా ఆయనకి.

మొన్న నువ్వు కొత్త పెట్టె బొమ్మ గీసి చూపించావు. గాడిలో జరిగే అద్దాలు, కింద చక్రాలు, చిన్న తాళం. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "బాగుంది తల్లీ. వానొచ్చినా బిగుసుకోదు, ఎండొచ్చినా సందు రాదు," అన్నారు. తరవాత కాగితం మడిచి నీకే ఇచ్చేసి, "పెట్టె సరే. ఎవరికి?" అన్నారు. నువ్వు ఇంకోటి తెద్దామన్నావు. ఆయన కాఫీ చల్లారిపోయిందని లోపలికి వెళ్లిపోయారు. అప్పుడు కాఫీ పొగలు కక్కుతూనే ఉంది.

పాత తలుపుని పొయ్యిలో పెట్టనివ్వరు, అప్పడాలు ఆరబెట్టుకోవడానికీ ఇవ్వరు. నేను తడిగుడ్డతో తుడుస్తుంటాను. వానాకాలంలో చెక్క ఉబ్బి కింద వార మీద గీతలు కాస్త పూడుకున్నట్టుంటాయి. ఎండలు రాగానే మళ్లీ...

"కింద వార మీద కాదే!"

విన్నావా? చెప్పాగా నిద్రపోలేదని.

"ఏంటండీ?"

"మొదట్నుంచీ తప్పు రాయిస్తున్నావు. గీతలు కింద మొత్తం లేవు. ఒక్క గడియ వైపే ఉన్నాయి. మడత బందుల వైపు ఒక్క గీతైనా ఉందేమో వెళ్లి చూడమను."

"ఏ వైపైతే ఏంటండీ?"

"ఏంటా? తలుపు ఎటు తెరుచుకుంటుందో దానికి తెలుసు. నా చెయ్యి ఎటునుంచి వస్తుందో తెలుసు. అక్కడే గీకింది. అది రాయమను."

ఉండు, లేవకు. నేను చూసొస్తాను.

అవును. గడియ వైపే. ఇన్నాళ్లూ తుడుస్తున్నాను, ఇది చూళ్లేదు. పైన రాసింది కొట్టెయ్యి. కింద వార అని ఎక్కడెక్కడ రాశావో అన్నిచోట్లా కొట్టేసి, గడియ వైపు అని రాయి.